ఇనుము ఎక్కడికి పోయింది?

చిత్తూరు వైపు మనిషి కాస్త పాలిపోయి కనబడితే ఇరుగుపొరుగు అనే మాట ఒకటే: "ఒంట్లో నెత్తురు లేదు." మందూ వాళ్లే చెబుతారు. రాగిసంకటి తిను, బెల్లం నమలు, మునగాకు వండుకో, ఆశా అక్క ఇచ్చిన మాత్రలు ఎగ్గొట్టకుండా మింగు. చాలామంది విషయంలో ఈ సలహాలో తప్పేమీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉన్నదాన్ని ఎవరూ వింతగా చూడరు. అందుకే నిజంగా వింతగా చూడాల్సిన కేసు ఈ గుంపులో కలిసిపోయి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా తిరుగుతుంది.

అట్లాంటి కేసు కాగితం ఒకటి ఊహించుకుందాం. మనిషికి పాతికేళ్లు. ఏడాదిగా విరేచనాలు, అందులో అప్పుడప్పుడు జిగట, నెత్తుటి చారలు. కొలనోస్కోపీలో పేగు గోడ వాచి పుండ్లు పడి కనిపించింది. హిమోగ్లోబిన్ 8.6. రక్తంలో తిరిగే ఇనుము బాగా తక్కువ. ఎర్రకణాలు కొంచెం చిన్నవి. ఇంతవరకూ చూస్తే ఇనుము లోపమే. కానీ కింద ఇంకో వరుస ఉంది: ఫెరిటిన్ 74. ఒంట్లో దాచిన ఇనుము ఎంతో చెప్పే ప్రోటీన్ అది. 74 పక్కన ల్యాబు వాళ్లు ఎర్రగీత కూడా పెట్టలేదు, అది వాళ్ల లెక్కలో మామూలే. మూడు నెలలు రోజూ మాత్రలు మింగాక హిమోగ్లోబిన్ 8.8కి చేరి ఆగిపోయింది.

నిల్వ ఉందా, లేదా? ఉంటే నెత్తురు ఎందుకు తయారవడం లేదు? లేకపోతే మింగిన మాత్రలన్నీ ఏమైనట్టు? జబ్బు పడిన పేగుకూ పాలిపోయిన ముఖానికీ ఉన్న ఈ సంబంధం వైద్యులను చాలాకాలం తిప్పలు పెట్టింది. జవాబు ఒకచోట దొరకలేదు. ఒక ముక్క బొంబాయి మిల్లు కార్మికుల దగ్గర, ఒకటి చిత్తూరుకు గంట ప్రయాణం దూరంలోని పల్లెల్లో, ఒకటి అమెరికాలో టర్పెంటైన్ పొడిపించుకున్న కుక్కల్లో, ఇంకొకటి ప్యారిస్ ఎలుకల్లో దొరికాయి.

మొదటి అనుమానం ఎప్పుడైనా నెత్తురు బయటికి పోవడం మీదే. వేరుశనగ చేలల్లో, చెరుకు మడుల్లో చెప్పుల్లేకుండా తిరిగే పల్లెల్లో దీనికి పాత ముద్దాయి కొంకిపురుగు. అరికాలి చర్మంలోంచి దూరి, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి, చివరికి చిన్నపేగు గోడను కరిచి పట్టుకుంటుంది. మన కాగితంలోని మనిషికి మలపరీక్షలో పురుగులేమీ లేవు. కానీ పేగులో పుండ్లున్నాయి, వాటిలోంచి నెత్తురు కారుతోంది. లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీలీటరు మామూలు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మనం తినే తిండిలోంచి ఒళ్లు రోజుకు పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అంటే రోజుకో టీచెంచాడు, 5 మిల్లీలీటర్ల నెత్తురు పోయినా రెండున్నర మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే. ఆదాయం కన్నా ఖర్చు ఎక్కువ. పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న మనిషికి టీచెంచాడు ఒక లెక్క కాదు. చాలాసార్లు అది కంటికి కూడా కనిపించదు.

బాగానే ఉంది. కానీ నెత్తురు కారిపోవడమే మొత్తం కథ అయితే నిల్వలు అడుగంటి ఫెరిటిన్ 10కో 12కో పడిపోవాలి. ఇక్కడ 74 ఉంది. పైగా మాత్రలు పనిచేసి ఉండాలి. కాబట్టి ఈ ముద్దాయి ఒంటరిగా చేసిన పని కాదిది.

పాత పుస్తకాలేమంటాయో చూద్దాం. చరక సంహిత చికిత్సాస్థానం తెరిస్తే 15వ అధ్యాయం గ్రహణి, 16వ అధ్యాయం పాండురోగం. ఒకటి పేగుల జబ్బు, ఇంకొకటి మనిషి పాలిపోయే జబ్బు. పక్కపక్కన పెట్టడం వెనక కారణం ఉందో లేదో గానీ, పాండుకు వాళ్లు వాడిన మందుల్లో ఇనుము ఉందన్నది నిజం. లోహచూర్ణం, మండూరం అనే ఇనుప చిట్టెం ఆ మందుల్లో ముఖ్యమైనవి. అంటే ఇనుముకూ పాండుకూ ఏదో లంకె ఉందని చూపు ఆనింది. పేగు ద్వారా అది ఎట్లా నడుస్తుందో తేల్చే పనిముట్లు మాత్రం అప్పుడు లేవు.

ఇక్కడ ఒక తెలుగు ఇంటి కథ వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్నారు. మన పెద్దవాళ్లు సంగ్రహణి అన్నది చాలావరకు ఇదే. విరేచనం పాలిపోయి, నురగతో, కొవ్వు తేలుతూ పోతుంది. నాలుక ఎర్రగా పుండై చారు తగిలినా మండుతుంది. కండ కరిగిపోతుంది. చివరికి నెత్తురు సన్నగిల్లుతుంది. మద్రాసులో డాక్టరు చదువు చదివిన సుబ్బారావుకూ అదే పట్టుకుంది. ఆయనను నిలబెట్టింది ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యం. ఆ తర్వాత కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లిపోయారు.

ఈలోగా 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయికి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ల ఎర్రకణాలు చిన్నవి కావు, పెద్దవి. ఇనుము లోపంలో కణం కుంచించుకుపోవాలి, ఇక్కడ ఉబ్బింది. ఉబ్బిన కణాల రక్తహీనతకు అప్పట్లో తెలిసిన మందు కాలేయ సారం. విల్స్ గమనించిన అసలు విషయం ఇది: బాగా శుద్ధి చేసిన కాలేయ సారం ఈ ఆడవాళ్ల మీద పనిచేయలేదు, ముతక సారం పనిచేసింది. పాశ్చాత్యులు రొట్టెకు పూసుకునే చవకరకం ఈస్టు ముద్ద, మార్మైట్, అదీ పనిచేసింది. అంటే శుద్ధి చేసేటప్పుడు పారబోస్తున్న దానిలో ఇంకేదో ఉంది. 1931లో ఆమె ఈ సంగతి అచ్చు వేయించారు. కొంతకాలం కూనూరులోని పాశ్చర్ సంస్థలో కూడా పనిచేశారు. అక్కడ మెకారిసన్ అనే వైద్యుడు నడిపిన పోషకాహార ప్రయోగశాలే తర్వాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ "ఇంకేదో" పదార్థాన్ని 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ పాలకూరలోంచి పట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని మందుగా చేతికందేలా తయారుచేసింది న్యూయార్క్ పక్క పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాల, 1945లో. అక్కడ పరిశోధనను నడిపించింది సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్‌ను ఆయన ఒక్కరే కనిపెట్టినట్టు మన సభల్లో చెప్పుకుంటాం. విల్స్ పేరు ఎత్తం. ఆమెను పక్కన పెట్టినందువల్ల సుబ్బారావు గొప్ప పెరిగేదేమీ లేదు. ఆయన బృందం చేసింది చిన్న పనేమీ కాదు కదా. ఆ మందును టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికో దీవుల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. కొద్దిరోజుల్లోనే నాలుక మంట తగ్గింది, ఆకలి పుట్టింది, మూలుగ కొత్త ఎర్రకణాలను పంపడం మొదలుపెట్టింది. సోదరులను బతికించగలిగే మందు వాళ్లు పోయిన చాలా ఏళ్లకు సుబ్బారావు చేతుల మీదుగా వచ్చింది. ఆయన 1948లో, 53 ఏళ్లకే పోయారు.

ఫోలిక్ యాసిడ్‌తో నెత్తురు తిరిగి వచ్చిందంటే దాని లోటే జబ్బని అనుకోవడం సులువు. చాలామంది అట్లాగే అనుకున్నారు. తిండి చాలక ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) తగ్గింది, అది తగ్గి పేగు చెడింది అని. ఈ వరసను తలకిందులు చేసింది రాయవేలూరు.

చిత్తూరు వాళ్లకు వేలూరు ఎప్పుడూ రాయవేలూరే. ఏ జబ్బయినా నాలుగు రోజులు తగ్గకపోతే "రాయవేలూరికి పోయి చూపించుకోని రాకూడదా" అనే మాట ఇంట్లో వినబడాల్సిందే. 1911 దాకా చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రం చిత్తూరే. తర్వాత గీత గీశారు గానీ, బావి నీళ్లకూ, జబ్బులకూ ఆ గీత తెలియదు. 1960 తర్వాత ఉత్తర ఆర్కాటు పల్లెల్లో విరేచనాల జబ్బు ఒకటి ఊరి తర్వాత ఊరిని తాకింది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సెల్విన్ బేకర్ అనే ఆస్ట్రేలియన్ వైద్యుడు, వి.ఐ. మథన్ కలిసి ఇళ్లిళ్లూ తిరిగి లెక్కలు రాసుకున్నారు. ఎవరికి ఎప్పుడు మొదలైంది, ఆ ఇంట్లో తర్వాత ఎవరికి, ఎన్నాళ్లకు నాలుక పుండైంది, ఎన్నాళ్లకు కాళ్లు వాచాయి, ఎన్నాళ్లకు నెత్తురు తగ్గింది.

ఆ వరస చూస్తే విషయం తేటపడింది. బాగా తింటున్న మనిషికే ముందు విరేచనాలు వచ్చాయి. నెత్తురు తగ్గడం, నాలుక పుండు పడడం వారాల, నెలల తర్వాత వచ్చాయి. జబ్బు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టు నడిచింది. పిల్లల కన్నా పెద్దవాళ్లను ఎక్కువగా పట్టుకుంది. తిండి లోటైతే ముందు పిల్లలు దెబ్బతినాలి కదా. కాబట్టి పేగు ముందు చెడుతుంది, లోటు తర్వాత వస్తుంది. ఇంకో సంగతి కూడా వాళ్లకు ఎదురైంది. ఏ జబ్బూ లేదనుకున్న పల్లె జనం పేగు ముక్కను సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే, లోపలి గోడ మీది చూషకాలు పడమటి దేశాల పుస్తకాల్లో గీసినట్టు పొడుగ్గా లేవు. పొట్టిగా, వెడల్పుగా ఉన్నాయి. ఆహారాన్ని పీల్చేది ఆ చూషకాలే. ఈ నేలమీద చాలామంది పేగు పైకి చెప్పకుండానే ఏదో ఒక మంటతో, అంటే లోపలి వాపుతో, బతుకుతోందని అర్థం. "నెత్తురు లేదు" అన్న మాట వెనక ఈ సంగతి ఎంతమంది విషయంలో దాగి ఉందో మనం ఇంకా లెక్క పెట్టలేదు.

పేగులో ఏ చోట చెడితే ఏది తగ్గుతుందో కూడా క్రమంగా పట్టు చిక్కింది. ఇనుము చిన్నపేగు మొదట్లో, ఫోలేట్ దాని తర్వాత, విటమిన్ బీ12 మాత్రం చిట్టచివర, పెద్దపేగును కలిసే చోటికి ముందు ఒంట్లోకి ఎక్కుతాయి. బీ12ను జీర్ణాశయం పంపే ఒక ప్రోటీన్ పట్టుకుని అక్కడిదాకా మోసుకురావాలి. క్రోన్స్ జబ్బుకు ఇష్టమైన చోటు సరిగ్గా అదే. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఆయన తోటివారు వర్ణించింది ఆ చివరి భాగంలోని వాపునే. ఆ ముక్కను ఆపరేషన్ చేసి తీసేస్తే బీ12కు దారి మూసుకుపోతుంది. కాలేయంలో దాచిన బీ12 మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. ఆపరేషన్ సంగతి మనిషి మరిచిపోయాక కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మాంసం ముట్టని ఇళ్లలో నిల్వ మొదటే తక్కువ, అది ఇంకా ముందే అయిపోతుంది.

ఇంత తెలిశాక మన కాగితం దగ్గరికి వస్తే ఏం చేతికొచ్చింది? ఆ మనిషి ఎర్రకణాలు పెద్దవి కావు. బీ12, ఫోలేట్ పరీక్షలు మామూలే. విల్స్, సుబ్బారావు, బేకర్ చెప్పినవన్నీ నిజాలే, ఈ మనిషివి మాత్రం కావు. ఇనుము లెక్క తేలలేదు.

దీనికి వేరే దారిలో ఇంకొంతమంది వెతుకుతున్నారు. క్షయ, చీముగడ్డలు, కీళ్లవాతం, ఏ దీర్ఘకాలపు జబ్బులోనైనా మనుషులు పాలిపోతారు. 1940లలో అమెరికాలో మాక్స్‌వెల్ వింట్రోబ్, జార్జ్ కార్ట్‌రైట్ దీనిమీద పడ్డారు. రోగుల రక్తంలో ఇనుము తక్కువ. మూలుగలో, ప్లీహంలో మాత్రం ఇనుము నిండుగా ఉంది. సూక్ష్మజీవులే తినేస్తున్నాయా? అది తేల్చడానికి కుక్కలకు టర్పెంటైన్ పొడిచారు. సూక్ష్మజీవి లేకుండానే కురుపు లేస్తుంది. కురుపు లేవగానే రక్తంలోని ఇనుము పడిపోయింది. అంటే దొంగ సూక్ష్మజీవి కాదు, మంట. గాదె నిండా వడ్లున్నాయి, తాళం పడింది, వంటింట్లో కుండ ఖాళీ. తాళం వేసింది ఎవరో తేలడానికి ఇంకో యాభై అరవై ఏళ్లు పట్టింది.

జర్మనీలో 2000లో రక్తంలోంచి, లాస్ ఏంజిలిస్‌లో 2001లో టామస్ గాంజ్ బృందం మూత్రంలోంచి ఒకే చిన్న ప్రోటీన్ ముక్కను పట్టారు. 25 అమైనో ఆమ్లాలు, కాలేయంలో తయారయ్యేది. సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని చూసి హెప్సిడిన్ అన్నారు. ఇనుముతో దానికి సంబంధం ఉందని వాళ్లు అనుకోలేదు. 2001లోనే ప్యారిస్‌లో గేల్ నికొలస్, సోఫీ వోలాన్ వేరే పనిమీద ఒక జన్యువును తీసేసిన ఎలుకలను పెంచుతున్నారు. ఆ ఎలుకల ఒళ్లంతా ఇనుము పేరుకుపోయింది. తీరా చూస్తే ఆ ఎలుకల్లో హెప్సిడిన్ లేకుండా పోయింది. హెప్సిడిన్ లేకపోతే ఇనుము ఆగకుండా లోపలికి వస్తోంది, అయితే హెప్సిడిన్ ఎక్కువైతే?

ఈ ప్రశ్నకు జవాబు బోస్టన్ నుంచి 2002లో వచ్చింది, నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ముక్క అది. గ్లైకోజెన్ నిల్వ జబ్బుతో పుట్టిన కొంతమందికి కాలేయంలో క్యాన్సర్ కాని గడ్డలు పెరిగాయి. వాళ్లకు తీవ్రమైన రక్తహీనత, ఏ ఇనుము ఇచ్చినా తగ్గనిది. గడ్డలు తీసేయగానే నెత్తురు తిరిగి వచ్చింది. గడ్డలను పరీక్షిస్తే అవి హెప్సిడిన్‌ను తెగ తయారు చేస్తున్నాయి. మంట లేదు, సూక్ష్మజీవి లేదు, కారడం లేదు. ఒక్క హెప్సిడిన్ ఎక్కువైతే చాలు, మనిషి పాలిపోతాడని తేలింది.

2004లో మిగతాది అతికింది. కణాల్లోంచి ఇనుము రక్తంలోకి రావడానికి ఫెరోపోర్టిన్ అనే ఒకే ఒక దారి ఉంది. హెప్సిడిన్ వచ్చి దాన్ని పట్టుకుంటే కణం ఆ దారినే లోపలికి లాక్కుని నాశనం చేస్తుంది. మంట పుట్టినప్పుడు వెలువడే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయానికి చేరితే హెప్సిడిన్ గంటల్లో పెరుగుతుంది. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు. ముసలి కణాలను మాక్రోఫేజ్ కణాలు మింగి, రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుమును మళ్లీ మూలుగకు పంపాలి. తిండి నుంచి వచ్చేదానికి ఇది పదింతలు పైనే. ఆ దారి మూతపడితే బయటి నుంచి ఎంత పోసినా చాలదు. పేగు గోడ కణాల్లోనూ అదే దారి మూతపడుతుంది. మాత్రలోని ఇనుము ఆ కణాల్లోకి ఎక్కుతుంది, రక్తంలోకి దిగదు. ఆ కణాలు మూడు నాలుగు రోజులకు రాలిపోతాయి, దాంతోపాటు ఇనుమూ మలంలో కలిసి పోతుంది.

ఒళ్లు తనకు తానే ఇంత ద్రోహం ఎందుకు చేసుకుంటుంది అనిపించవచ్చు. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవికీ ఇనుము కావాలి. దానికి అందకుండా దాచేయడం పాత రక్షణ. నాలుగు రోజుల జ్వరానికి ఆ ఎత్తు పనికొస్తుంది. ఏళ్ల తరబడి మంట చల్లారని పేగు విషయంలో అదే శిక్షగా మారుతుంది.

ఇప్పుడు ఫెరిటిన్ 74 సంగతి. ఫెరిటిన్ నిల్వనే చెబుతుంది, కానీ మంట ఉన్నప్పుడు నిల్వతో సంబంధం లేకుండా కూడా పెరుగుతుంది. అంటే సాక్షి పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు, పెంచి చెబుతున్నాడు. అందుకే పేగు మంట ఉన్నవాళ్ల రిపోర్టును వేరే కొలతతో చదవాలని ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. మంట చల్లారి ఉంటే ఫెరిటిన్ 30 లోపు ఇనుము లోపం. మంట రగులుతుంటే 100 లోపే లోపం అన్న అనుమానం పడాలి. 100 దాటి, రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం లోపు ఉంటే తాళం పడ్డట్టు. 30కీ 100కీ మధ్య ఉంటే రెండూ. మన కాగితంలో మంటను చూపే రక్తపరీక్ష, సీఆర్‌పీ కూడా చూసి ఉంటే తేలిపోయేది. ఈ మనిషి నెత్తురు కొంత కారిపోయింది, మిగిలిన ఇనుము కొంత బందీ అయింది. మొదటి ముద్దాయిని ఒంటరిగా చేయలేదని వదిలేశాం కదా, వాడూ దోషే.

అయితే ఆ మంట ఏమిటన్నది ఇంకా తేలాలి, ఈ ప్రాంతంలో అది చిన్న ప్రశ్న కాదు. మదనపల్లె పక్క ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరిచినప్పటి నుంచి క్షయ అంటే ఇక్కడివాళ్లకు కొత్త కాదు. చిన్నపేగు చివర క్రోన్స్ కూర్చునే చోటే కడుపు క్షయ కూడా కూర్చుంటుంది. పుండ్లూ, ఇరుకవడమూ, బరువు తగ్గడమూ, పాలిపోవడమూ రెంటిలోనూ ఒకటే. రెంటిలోనూ హెప్సిడిన్ తన పని తాను చేస్తుంది. క్షయను క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. క్రోన్స్‌ను క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడితే పేగు ఇరుకైపోవచ్చు. మన దేశంలో క్రోన్స్, కొలైటిస్ లేవని చాలాకాలం అనుకున్నదానికి ఈ పోలిక ఒక కారణం. పంజాబ్‌లో చేసి 2003లో ప్రచురించిన సర్వేలో లక్షకు 44.3 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు తేలింది. హైదరాబాదు ఏఐజీ ఆస్పత్రి వైద్యులు పట్నాల్లో, పల్లెల్లో 30,000 మందికి పైగా రోగులను చూసి 2023లో ప్రచురించిన పరిశీలనలో ఈ జబ్బులు పల్లెనూ వదల్లేదని కనబడింది. కాబట్టి తిరుపతిలో రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో వచ్చే పల్లె మనిషికి పాలిపోవడంతోపాటు నెలల తరబడి విరేచనాలుంటే, ఇనుము మాత్ర రాసే ముందు పేగు గురించి అడగాల్సిన అవసరం ఉంది.

మందులూ అమాయకం కావు. కొలైటిస్‌కు వాడే సల్ఫాసలజీన్ ఫోలేట్‌ను పీల్చుకోనివ్వదు. అజథయోప్రిన్ మూలుగను అణుస్తుంది. క్రోన్స్‌కు వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోనే 1940లలో పుట్టింది, ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా. దాని తోబుట్టువు అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి చూశారు. మెథోట్రెక్సేట్ పేగు మంటను చల్లార్చగలదని 1995లో తేలింది. ఇది ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడు కాబట్టి ఈ మందు వేసుకునేవాళ్లకు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు, సాధారణంగా ఈ మందు వేసుకోని రోజున. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకునే మందు కాదు. వారం మందును రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు కాబట్టి చీటీ మీద రోజు పేరు రాయించుకోవడం మంచిది.

ఇక వైద్యం. మాత్ర పూర్తిగా పనికిరాదని కాదు. మంట చల్లారి, హిమోగ్లోబిన్ 10 పైన ఉంటే మాత్రతోనే నడుస్తుంది, రోజుకు 100 మిల్లీగ్రాముల ఇనుము దాటకుండా. ఎక్కువ మింగితే ఎక్కువ పీల్చుకోదు. ఒక మోతాదు మింగగానే హెప్సిడిన్ ఒక రోజంతా పెరిగి ఉంటుందని, రోజు మార్చి రోజు మింగితే మెరుగ్గా ఎక్కుతుందని 2017లో జూరిచ్ వాళ్లు చూపించారు. అది ఇనుము లోపమున్న ఆరోగ్యవంతులైన ఆడవాళ్ల మీద చేసిన పని. పీల్చుకోగా మిగిలిన ఇనుము పేగులో పడి మంటను రేపవచ్చు, మలాన్ని నల్లగా చేసి నెత్తురు కారుతోందో లేదో తెలియకుండా చేస్తుంది. మంట రగులుతూ హిమోగ్లోబిన్ 10 లోపు ఉన్న మన కాగితం మనిషికి మాత్ర చాలదు, నరం ద్వారా ఎక్కించాలి. పాతకాలపు ఐరన్ డెక్స్‌ట్రాన్ అంటే ఒళ్లు ఎదురుతిరుగుతుందన్న భయం ఉండేది. ఇప్పుడు ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్‌ను పావుగంటలో 1,000 మిల్లీగ్రాముల దాకా ఎక్కిస్తారు. కొందరిలో దీనివల్ల రక్తంలో ఫాస్ఫేట్ తగ్గుతుంది, పదేపదే ఎక్కించుకునేవాళ్లు అది చూపించుకోవాలి. ఇదంతా పేగు మంటకు మందు వేసుకుంటూనే చేయాలి, లేకపోతే నరంలో పోసిన ఇనుము కూడా మాక్రోఫేజ్ కణాల్లోనే ఇరుక్కుంటుంది.

హెప్సిడిన్‌ను నేరుగా కొలిచే పరీక్ష మామూలు ల్యాబుల్లోకి ఇంకా రాలేదు. అందుకని ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, సీఆర్‌పీ, కణం పరిమాణం, బీ12, ఫోలేట్ పక్కపక్కన పెట్టి చదవడమే డాక్టరుకున్న దారి. ఇనుము ఎక్కించాక నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం 2 గ్రాములు పెరగాలి. 8.8 నుంచి 10.8కి. పెరగకపోతే ఇంకా ఎక్కడో కారుతున్నట్టు, లేదా మంట చల్లారనట్టు, లేదా ఈ మనిషిలో కూడా ఇప్పటిదాకా మనం పక్కన పెట్టిన బీ12, ఫోలేట్, మందు, క్షయ, వీటిలో ఏదో ఒకటి ఉన్నట్టు.